ముప్పై ఏడో నంబరు మిషను

సెప్టెంబరు 2, మంగళవారం

లాప్‌టాప్ వచ్చింది. వచ్చిందంటే, పాత కంప్యూటర్ల షాపులో గంటన్నర నిలబడి, బేరమాడి, చంకలో పెట్టుకుని నేనే తెచ్చుకున్నాను. పదకొండేళ్ళు ఆఫీసులో అరవై నాలుగు మిషన్లు నా చేతుల మీదుగా నడిచాయి. ఇంట్లో ఒక్కటి లేదు. ఆఫీసుదే ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. ఉద్యోగం తీసేసిన రోజు సంతకం పెట్టి అదీ ఇచ్చేశాను.

కొత్త కంపెనీ వాళ్ళు చెప్పాల్సింది చెప్పేశారు. ఇరవై రెండో తేదీ సోమవారం ఉదయం తొమ్మిదింటికి, సొంత లాప్‌టాప్‌తో, దాంట్లో విండోస్ బదులు లినక్స్‌తో, ఇంట్లోనే కూర్చుని పనిలో చేరాలి. ఎక్కడెక్కడో ఉన్న ఉద్యోగుల మిషన్లు మొరాయిస్తే ఇక్కణ్ణుంచి బాగుచెయ్యాలి. ఆ రోజు చేరకపోతే వరసలో తర్వాతి మనిషిని పిలుస్తారట. నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి పిలవడమే ఎక్కువన్నట్టు మాట్లాడింది ఫోన్లో అమ్మాయి. ఎనిమిది నెలల్లో వచ్చింది ఇదొక్కటే. ఇది జారిపోతే నేను మా ఆవిడ కుట్టుమిషను పక్కన కూర్చుని బొత్తాలు కుట్టుకోవాలి.

ఇరవై రోజులుంది. లినక్స్ ఎక్కించడానికి గంట చాలు.

సెప్టెంబరు 3

గంట చాలదు.

జిరాక్స్ షాపులో కూర్చుని లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చాను. లాప్‌టాప్‌కి గుచ్చి ఆన్ చేస్తే ఆ పెన్‌డ్రైవ్ మొహం కూడా చూడలేదు, నేరుగా పాత విండోస్‌లోకి పోయి కూర్చుంది. పెన్‌డ్రైవ్ నుంచి లేవమని చెప్పాలంటే మిషను లోపలి సెట్టింగుల్లోకి వెళ్ళాలి. వెళ్తే నల్ల తెర, మధ్యలో చిన్న తాళంకప్ప బొమ్మ. పాస్‌వర్డ్ కావాలట. ఎవడో మహానుభావుడు తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుని అమ్ముకున్నాడు. మూడుసార్లు తప్పు కొడితే కుయ్ మని అరిచి ఆరిపోతోంది. మళ్ళీ ఆన్ చేసి మొదటి నుంచి రావాలి.

మా టేబుల్ మీద సగం మా ఆవిడ కుట్టుమిషను, సగం నేను. ఇరుగుపొరుగు ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం ఆవిడ పని. ఇస్త్రీ చేస్తున్నదల్లా ఆపి లాప్‌టాప్ మూత మీద ఓ మూలకేసి చూసింది.

"మురికి కాదు, మచ్చ. తుడిస్తే పోదు," అన్నాను.

"నేనేమీ అనలేదుగా," అంది.

సెప్టెంబరు 4

షాపుకెళ్ళాను.

"ఆన్ అవుతోందా లేదా సార్?" అన్నాడు షాపాయన.

"అవుతోంది."

"తెర కనబడుతోందా?"

"కనబడుతోంది. కానీ లోపల తాళం ఉంది."

"లోపలికి మీరెందుకెళ్తున్నారు సార్? బయట వాడుకోండి. బంగారంలాంటి పీసు."

అమ్మిన సరుకు వాపసు లేదని ఆయన తల మీదే బోర్డు. పోనీ ఏ ఆఫీసుదో చెప్పమంటే, గోనెసంచుల్లో ఇరవై వచ్చాయనీ, స్టిక్కర్లన్నీ గోకి స్పిరిట్‌తో తుడిచేస్తామనీ, నీట్‌గా ఉంటే కస్టమర్‌కి ముచ్చటగా ఉంటుందనీ చెప్పాడు. ముచ్చటగానే ఉంది.

ఇంటికొచ్చి బోర్లించి, వెనక మూత విప్పుదామని స్క్రూల మీద లైటు వేశాను. ఒక్కో స్క్రూ తల మీద ఒక్కో పచ్చ చుక్క.

గోళ్ళరంగు. మా ఆవిడ సీసాలోది. ఎవరైనా నాకు తెలియకుండా మిషను విప్పితే ఆ రంగు పగిలి పట్టుబడతారని, అరవై నాలుగు మిషన్లకీ నేనే కూర్చుని పెట్టాను. మా ఆవిడ వారం రోజులు సీసా కోసం వెతుక్కుంది.

అంటే ఇది మా ఆఫీసు మిషనే. తాళం వేసిన మహానుభావుణ్ణి నేనే.

ఎన్నాళ్ళకో గట్టిగా నవ్వాను. మా ఆవిణ్ణి పిలిచి చుక్కలు చూపించాను. ఆవిడ నవ్వలేదు. "ఆఫీసులో ఎవరి దగ్గర ఉండేదో ఇది?" అంది. "అరవై నాలుగు మందిలో ఎవరో ఒకరు," అన్నాను.

సెప్టెంబరు 5

తాళాలకి నాదొక పద్ధతి ఉండేది. మిషను నంబరు, దాన్ని వాడే మనిషి టేబుల్ ఫోను నంబరు, చివర నా తోక ఒకటి. ఆ తోక ఇక్కడ కూడా రాయను. ఎవరి టేబుల్ ఫోను ఎంతో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మిషను నంబరు మాత్రం స్టిక్కర్ మీద ఉండేది, దాన్ని షాపాయన ముచ్చట తీరా గోకేశాడు. పర్లేదు. ఒకటి నుంచి అరవై నాలుగు దాకా వరసగా కొట్టుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట తెరుచుకుంటుంది. పదకొండేళ్ళలో నా నోట్‌బుక్‌లో ఒక్క తప్పు గీత లేదు. మిషను ఇచ్చినప్పుడు ఒక టిక్, తీసుకున్నప్పుడు ఒక టిక్, తాళం మార్చినప్పుడు ఒక టిక్, అన్నీ పచ్చ సిరాతో. తీసేసిన రోజున ఆ నోట్‌బుక్‌ని కూడా అప్పగించి వచ్చాను. దొంగతనంగా ఒక్క కాగితం దాచుకోలేదు.

ఒకటి నుంచి పన్నెండు. కాదు.

సెప్టెంబరు 6

పదమూడు నుంచి ముప్పై ఆరు. కాదు.

ముప్పై ఎనిమిది నుంచి నలభై. కాదు.

సెప్టెంబరు 7, ఆదివారం

అరవై నాలుగు దాకా అయిపోయాయి. కాదు.

మధ్యలో కొందరి టేబుళ్ళు మారాయి, పాత ఫోను నంబర్లతో మళ్ళీ కొట్టాను. కాదు.

(ముప్పై ఏడు కొట్టలేదు. అక్కర్లేదు.)

సెప్టెంబరు 8

వేరే దారులు.

మదర్‌బోర్డు మీద బొత్తాం బ్యాటరీ తీసేస్తే కొన్ని మిషన్లలో తాళం ఊడిపోతుంది. తీశాను. అరగంట ఆగి పెట్టాను. తాళం కదల్లేదు గానీ తేదీ మాత్రం ఎనిమిదేళ్ళు వెనక్కి పోయింది. తెర మీద ఆ సంవత్సరం చూశాను. ఆ ఏడు ఆఫీసులో అందరం బాగానే ఉండేవాళ్ళం.

తర్వాత డిస్కు ఊడదీసి జిరాక్స్ షాపుకు తీసుకెళ్ళాను. ఆయన్ని బతిమాలి, ఆయన కంప్యూటర్‌కి తగిలించి, దాని మీదే లినక్స్ ఎక్కించి, తెచ్చి దీంట్లో పెట్టాను. తెలివైన పని చేశానని దారంతా పొంగిపోయాను. ఆన్ చేస్తే ఎర్ర గీత: అనుమతి లేని సిస్టమ్, నడవదు. ఆఫీసు ఇచ్చిన విండోస్ తప్ప ఇంకేదీ లేవకూడదని నిరుడు ఈ అడ్డు పెట్టించింది జీఎం. పెట్టింది నేను. ఎంత గట్టిగా పెట్టానో ఇవాళ తెలిసింది. ఆ రోజు జీఎం నా భుజం తట్టాడు కూడా.

సెప్టెంబరు 9

మా ఆవిడ కొత్త కుట్టుమిషను కోసం దాచుకున్నదాంట్లోంచే ఈ లాప్‌టాప్ కొన్నాం. ఇంకోటి కొందామన్న మాట ఈ ఇంట్లో ఎత్తలేను. ఆవిడ పాతదానికి నూనె వేసుకుని తొక్కుతోంది. ఆ చప్పుడు నన్ను తిట్టినట్టే ఉంది. ఒక్కమాట అనదు, అదొకటి.

సెప్టెంబరు 10

ఇవాళ ముప్పై ఏడు కొట్టాను.

కాదు!

కాదు. పద్ధతి ప్రకారం కొట్టాను, రెండుసార్లు కొట్టాను. కుయ్ మంది. ఎంత హాయిగా ఉందో. ఇది అతనిది కాదు. ఇంకెవరిదో. మచ్చలు ఏ మిషను మీదైనా పడతాయి.

సాయంత్రం మా ఆవిడకి టీ పెట్టిచ్చాను. ఏంటి విశేషం అంది.

సెప్టెంబరు 11

కొత్తగా చేరే కంపెనీ అమ్మాయి మెసేజ్ పెట్టింది. లాప్‌టాప్ సిద్ధమేనా అని. సిద్ధమే మేడమ్ అని పంపాను.

సిగ్గు విడిచి పాత ఆఫీసుకి ఫోన్ చేశాను. నా కుర్చీలో ఇప్పుడు బయటి కంపెనీ పంపిన ఒకామె ఉంది. మర్యాదగల మనిషి. విషయం చెప్పాను, అమ్మేసిన వాటి తాళాలు చెబితే ఎవరికీ నష్టం లేదంది. నా నోట్‌బుక్ ఇంకా ఆ సొరుగులోనే ఉందట.

"మీ రాత ముత్యాల్లా ఉంటుంది సార్. ఏ నంబరు చూడమంటారు?"

నా నోటి వెంట ముప్పై ఏడు అనే వచ్చింది. ఎందుకొచ్చిందో.

పేజీలు తిప్పిన చప్పుడు. "ఇదిగో సార్. ముప్పై ఏడు, కొనుగోళ్ళ విభాగం. మిషను తిరిగి తీసుకోవడమైనది, తాళం పద్ధతి ప్రకారం మార్చడమైనది. టిక్ ఉంది. మీ సంతకం ఉంది సార్."

థాంక్సమ్మా అని పెట్టేశాను.

సెప్టెంబరు 12, శుక్రవారం

ఈ డైరీ ఎవరూ చూడరు. దీన్ని కూడా మోసం చేసి బాగుపడేదేముంది. రాసేస్తాను.

ఆ మచ్చ ఇస్త్రీపెట్టెది. నాలుగేళ్ళ క్రితం ఓ ఆదివారం అతను లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఈ టేబుల్ మీదే పెట్టాడు. మా ఆవిడ చూసుకోకుండా ఇస్త్రీపెట్టె దాని మీద ఆనించింది. ప్లాస్టిక్ కాలిన వాసన. ఆవిడ కళ్ళనీళ్ళ పర్యంతమైంది. "ఊరుకో అక్కా, ఆఫీసువాళ్ళు నామీద పెట్టే వాతలతో పోలిస్తే ఇదెంత," అని నవ్వాడు. ఆవిడకి అది గుర్తులేదనే అనుకుంటున్నాను.

అతను నాకు బావ. చుట్టరికం ఏమీ లేదు. చేరిన మొదటిరోజు క్యాంటీన్లో ఇద్దరం ఒకే కుర్చీ పట్టుకున్నాం, "కూర్చో బావా," అని వదిలేశాడు, అప్పట్నుంచి అదే పిలుపు. పదేళ్ళు. కొనుగోళ్ళ విభాగం, ముప్పై ఏడో నంబరు మిషను.

మా ఫ్యాక్టరీలో కటింగ్ మిషనుకి చేతులు పడకుండా ఉండే ఇనుప కవరు తీయించేశారు, పని వేగంగా సాగుతుందని. రిటైర్ కావడానికి ఏడాదున్న పెద్దాయనకి రెండు వేళ్ళు పోయాయి. ఆయన అజాగ్రత్త అని రాశారు. ఆ కవరు మళ్ళీ బిగించే సామాను కొనమని బావ మూడుసార్లు కాగితం పెడితే మూడుసార్లూ వద్దన్నారు. ఆ తేదీలన్నీ వేసి, సంతకం లేకుండా, ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఆఫీసుకి ఉత్తరం వెళ్ళింది. తనిఖీవాళ్ళు వచ్చారు.

జీఎం నన్ను పిలిచాడు. ఆయన్ని అందరం మెత్తటాయన అనేవాళ్ళం, గొంతు పెంచడు. "అన్ని మిషన్ల కాపీలూ నీ దగ్గరుంటాయిగా, ఆ ఉత్తరం ఎందులోనైనా ఉందేమో చూడు," అన్నాడు. కాపీలు రోజూ నేనే తీస్తాను, నా దగ్గరే ఉంటాయి. చూశాను. ముప్పై ఏడులో ఉంది. ఆఫీసు మిషన్లోనే రాసుకున్నాడు, పిచ్చివాడు. ఆ మిషన్లకు కాపలా ఉన్నది తన బావే కదా అనుకున్నాడేమో.

లేదని చెప్పొచ్చు. అరవై నాలుగు మిషన్లు, వేలకొద్దీ ఫైళ్ళు, లేదంటే ఎవడొచ్చి చూస్తాడు? ప్రింటు తీసి కవర్లో పెట్టి ఇచ్చాను. అడిగారు, ఇచ్చాను. నా ఉద్యోగం అది.

మర్నాడు అతన్ని తీసేశారు. కంపెనీ కాగితాలు బయటపెట్టాడని. సాయంత్రం లాప్‌టాప్ అప్పగించడానికి నా గదికొచ్చాడు. తలుపు దగ్గరికి వేసి, మెల్లగా అడిగాడు. "ఆ ఉత్తరం నేను ఎవరికీ చూపించలేదు బావా. ఇంట్లో కూడా. మిషన్లో తప్ప ఎక్కడా లేదు. వాళ్ళ చేతికెలా వెళ్ళిందంటావు? నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలీదు," అన్నాను.

ఇంకేమీ అడగలేదు. వెళ్ళిపోయే మనిషి నా ఎదురుగా పాత తాళం తీసి, నేను చదివి చెప్పిన కొత్త తాళం టైపు చెయ్యాలి, అదీ మా పద్ధతి. ఆ రోజు నేను చదవలేకపోయాను. అతని ఎదురుగా కూర్చోవడమే నావల్ల కాలేదు. కిటికీ వైపు తిరిగి, "నువ్వే ఏదో ఒకటి పెట్టెయ్యి, రేపు మార్చుకుంటాను," అన్నాను. అతను కొట్టిన చప్పుడు వినబడింది. చాలాసేపు కొట్టాడు, పెద్ద పాస్‌వర్డే.

రేపు మార్చలేదు. ఎల్లుండీ మార్చలేదు. ఆ మిషను ముట్టుకోబుద్ధి కాలేదు, బీరువాలో పడేశాను. నోట్‌బుక్‌లో మాత్రం పద్ధతి ప్రకారం అని రాసి, పచ్చ సిరాతో టిక్ పెట్టాను.

పదకొండేళ్ళలో తప్పు గీత లేదన్నాను. ఉంది.

పది నెలలకి మెత్తటాయన నన్ను కూడా పిలిచాడు. బయటి కంపెనీకి ఇచ్చేస్తున్నాం ఈ పని అన్నాడు. గొంతు పెంచలేదు.

సెప్టెంబరు 13

కాబట్టి ఆ పాస్‌వర్డ్ తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే.

నంబరు మార్చేసి ఉంటాడు.

సెప్టెంబరు 14

నంబరు మార్చలేదు. అతని ఫొటో కనబడుతోంది, ఏదో సామాన్లు చేరవేసే బండి ముందు నిలబడి ఉన్నాడు. చిక్కాడు. నా ఫోన్లో ఇంకా "బావ" అనే ఉంది.

ఇవాళ ఆదివారం, ఇంట్లో ఉంటాడు, ఇబ్బంది పెట్టడమెందుకు.

సెప్టెంబరు 15

సోమవారం పని ఒత్తిడి ఉంటుంది.

అతను పెట్టగల పాస్‌వర్డ్‌లు ఆలోచించి కొట్టాను. అతని పిల్లల పేర్లు. పెళ్ళిరోజు. బండి నంబరు. పెద్దాయన పేరు. నన్ను తిట్టదలచుకుంటే ఏం తిడతాడో అవి కూడా, నాకు తెలిసిన బూతులన్నీ, ముప్పై దాకా. నాకు నేనే టైపు చేసుకున్నాను. ఏదీ కాదు. అతనికి బూతులు రావు, ఆ సంగతి ముందే గుర్తుండాల్సింది.

సెప్టెంబరు 16

అతని భార్య మా ఆవిడ దగ్గర జాకెట్లు కుట్టించుకునేది. ఏడాదిన్నరగా రావడం మానేసింది. ఇవాళ అన్నం తింటుంటే మా ఆవిడ ఉన్నట్టుండి, "పాపం, ఆవిడ కొలతలు ఇంకా నా పుస్తకంలోనే ఉన్నాయి," అంది. ఎవరివని నేను అడగలేదు.

ఆరు రోజులుంది.

సెప్టెంబరు 17, బుధవారం

చేశాను.

మా ఆవిడ జిప్పులు కొనడానికి బజారుకెళ్ళినప్పుడు చేశాను. మాట్లాడాల్సింది కాగితం మీద వరసగా రాసిపెట్టుకున్నాను. ఒకటి, ఎలా ఉన్నావు, పిల్లలెలా ఉన్నారు. రెండు, ఆ రోజు సంగతి. మూడు, పాస్‌వర్డ్.

నాలుగో రింగుకి ఎత్తాడు. వెనక రోడ్డు రొద.

"చెప్పండి," అన్నాడు.

చెప్పండి. పదేళ్ళు చెప్పు బావా అన్న నోరు. నా పేరు అతని ఫోన్లో పడకపోయి ఉంటే బాగుండుననుకుని, "నేనే," అన్నాను.

"తెలిసింది. బండి పక్కకి ఆపాను, చెప్పండి."

కాగితం మీద ఒకటీ రెండూ ఎటుపోయాయో, సరాసరి మూడుకి వచ్చాను. "నీ పాత లాప్‌టాప్ తిరిగి తిరిగి నా దగ్గరికొచ్చింది. ముప్పై ఏడు."

ఇంజను ఆపాడు. తర్వాత, "మూత మీద వాత ఉందా ఇంకా?" అన్నాడు.

"ఉంది."

"అక్క చాలా బాధపడింది ఆ రోజు. అడిగానని చెప్పండి."

"చెప్తాను. అదే... ఆ రోజు నువ్వు పాస్‌వర్డ్ ఏం పెట్టావో, గుర్తుందా?"

"గుర్తుండకపోవడమేంటి? ఆ రోజు నేను మిమ్మల్ని ఒక్క ప్రశ్న అడిగాను. మీరు ఒక్క జవాబు చెప్పారు. ఆ జవాబే పెట్టాను. మధ్యలో ఖాళీలు లేవు, అన్నీ చిన్నక్షరాలు."

వరస రాసుకున్న కాగితాన్ని బోర్లించాను.

"మర్నాడు మారుస్తానన్నారుగా. మార్చాలంటే పాతది తెలియాలి కదా, అప్పుడు ఫోన్ చేస్తారనుకున్నాను. చేస్తే చెబుదామనే అది పెట్టాను. మీరే చెప్పుకుంటారేమో, అప్పుడైనా ఓ మాట అంటారేమోనని రెండు వారాలు చూశాను." కోపం లేదు గొంతులో. సరుకు చిట్టా చదువుతున్నట్టు చెప్పాడు. కోపం ఉంటే బాగుండేది, సమాధానం చెప్పుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. "మీరు చెయ్యలేదు. సరే, పనైందా? సరుకు దించాలి."

"అయింది," అన్నాను.

పెట్టేశాడు. ఓ మాట అనడానికి ఇవాళ కూడా వీలు దొరికింది. పనైంది అన్నాను.

సెప్టెంబరు 18

పొద్దున్న మా ఆవిడ లేవకముందే కూర్చున్నాను. అతను మెసేజ్‌ల్లో ఆ రెండు మాటలూ ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాసేవాడో నాకు తెలుసు, అలాగే కొట్టాను. నాకేం తెలీదు. ఒక్కో అక్షరానికీ తెర మీద ఒక్కో చుక్క పడింది.

మొదటిసారికే తెరుచుకుంది.

ఏడాదిన్నరగా ఆ మాట ఈ మిషన్లోనే ఉంది, ముందు బీరువాలో ఉంది. తర్వాత గోనెసంచిలో ఉంది. తర్వాత షాపు అరలో ఉంది. నేను మాత్రం దాన్ని మర్చిపోయి బతుకుదామనుకున్నాను.

సెప్టెంబరు 19

నేను పెట్టిన అడ్డు తీసేశాను. లినక్స్ మొదలైంది, తెర నల్లగా అయింది. తెర కార్డు కోసం, ఆన్ అయ్యే ఆదేశం చివర ఒక మాట తగిలించి లేపాలి, తగిలించాను, లేచింది. వైఫై కనబడలేదు. ఫోన్‌ని తీగతో కలిపి, దాన్లోంచి ఇంటర్నెట్ తీసుకుని, వైఫైకి కావాల్సింది దించుకున్నాను. కనబడింది. శబ్దం ఒకవైపే వస్తోంది, రానీ. తేదీ సరిచేశాను.

మామూలు రోగాలు, మామూలు మందులు. ఈ పని నాకు వచ్చు. ఇవాళ మూడు గంటలు అన్నీ మర్చిపోయి చేశాను, చేతులు వాటంతటవే నడిచాయి. ఎంత బాగుందో రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

సెప్టెంబరు 20

కొత్త కంపెనీ నియమాల కాగితం పంపింది. సొంత మిషనుకి ఆన్ చెయ్యగానే అడిగే తాళం తప్పనిసరి.

సెట్టింగుల్లోకి వెళ్ళాను. పాత పాస్‌వర్డ్ అని ఒక గడి, కొత్త పాస్‌వర్డ్ అని ఒక గడి. పాత గడి నింపాను. కొత్త గడిలో చాలాసేపు కర్సర్ మిణుకు మిణుకుమంటూ ఉంది. ఏం పెట్టాలో తోచలేదు. ఏం పెట్టినా మర్చిపోతానేమోననిపించింది. ఉన్నదే అయితే మర్చిపోయే ప్రశ్న లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ అడగమని మాత్రం ఒక గుర్తు పెట్టి బయటికొచ్చాను.

అతనికి ఒక మెసేజ్ రాశాను. నాలుగు లైన్లు. పంపలేదు. సోమవారం ఉద్యోగంలో చేరాక, మనసు కుదుటపడ్డాక, తీరిగ్గా ఫోన్ చేసి అంతా చెబుతాను. ఇలాంటివి మెసేజ్‌లో బాగుండదు.

సెప్టెంబరు 21

అక్కని అడిగానని చెప్పమన్నాడు. చెప్పాలి. చెబితే ఎప్పుడు మాట్లాడారు, ఎందుకు మాట్లాడారు అని మొదలవుతుంది. ఉద్యోగంలో చేరాక.

సెప్టెంబరు 22, సోమవారం

ఎనిమిదిన్నరకే చొక్కా వేసుకుని కూర్చున్నాను. కెమెరాలో సగం వరకే కనబడతాను కదా అని కింద లుంగీ. మా ఆవిడ టేబుల్ అవతలి సగంలో ఎవరిదో స్కూలు యూనిఫామ్ ఇస్త్రీ చేస్తోంది.

ఆన్ చేశాను. తాళంకప్ప బొమ్మ వచ్చింది. కొడుతుంటే ఆవిడ చూస్తోంది. నా వేళ్ళని కాదు, మూత మీద మచ్చని. ఇస్త్రీపెట్టె చేతిలోనే ఉంది.

"ఏవండీ," అంది. "ఇది ఆఫీసులో ఎవరి దగ్గర ఉండేదండీ?"

నెమ్మదిగా అడిగింది. దబాయింపు లేదు. తలుపు తెరిచి పట్టుకుని పక్కకి నిలబడినట్టు అడిగింది. ఒక్క పేరు చెబితే చాలు, మిగతాదంతా ఆవిడే అడుగుతుంది, నేను ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోవచ్చు. తొమ్మిదికి ఇంకా పది నిమిషాలుంది. నేను తెర వైపే చూస్తూ మిగిలిన అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కాను.

"నాకేం తెలీదు," అన్నాను.

ఆవిడ ఇస్త్రీపెట్టెని దాని స్టాండు మీద నిలబెట్టి, ప్లగ్ తీసి, బట్టలు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది.

లాప్‌టాప్ బాగానే పనిచేస్తోంది.